ఖుత్బా, సిక్కా: రాజ్యాధికార చిహ్నాల చరిత్ర

ఒక ప్రాంతానికి రాజు ఎవరు అన్న ప్రశ్నకు మధ్యయుగాల ముస్లిం చరిత్రకారులు సాధారణంగా ఒకే సమాధానం చెబుతారు. జుమా నాడు మిన్బర్ మీద ఎవరి పేర ఖుత్బా చదువబడుతున్నదో, టంకసాలలో ఎవరి పేర సిక్కా కొట్టబడుతున్నదో అతడే రాజు. ఒక సుల్తాను సింహాసనమెక్కిన సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు ఈ చరిత్రకారులు కిరీట ధారణను వర్ణించరు. ‘ఖుత్బా, సిక్కా అతని పేర జరిగినవి’ అని ఒక్క మాట వ్రాసి ముందుకు సాగుతారు.

ఈ రెండింటినే ఎందుకు ఎన్నుకున్నారో ఆలోచిస్తే కారణం తేలికగానే బోధపడుతుంది. సింహాసనాన్ని చూడగలిగేవారు దర్బారులోని కొద్దిమంది మాత్రమే. ఛత్రం, నగారా ఊరేగింపు సాగే వీధికే పరిమితం. కాని ఖుత్బా వారానికొకసారి ప్రతి పట్టణంలోనూ వేలాది చెవులకు చేరుతుంది. నాణెం ప్రతి రోజూ సంతలోని రైతు చేతికి, కూలివాని చేతికి వస్తుంది. పత్రికలు, రేడియో లేని కాలంలో రాజు మారిన సంగతి ప్రజలకు ఈ రెండు మార్గాల్లోనే తెలిసేది.

అయితే ముస్లిములమైన మనకు ఇందులో మరొక ప్రశ్న కూడా ఉన్నది. ఖుత్బా ఆరాధనలో భాగం. అల్లాహ్ సన్నిధిలో వినబడే ఆ ప్రసంగంలోకి రాజు పేరు ఎలా వచ్చింది? వచ్చిన తర్వాత అది ధర్మానికి సేవ చేసిందా, లేక ధర్మం చేత తనకు సేవ చేయించుకున్నదా? ఈ ప్రశ్నను దృష్టిలో పెట్టుకొని మదీనా మొదలుకొని మన హైదరాబాదు వరకు ఈ చిహ్నాలు నడిచిన దారిని ఇక్కడ సంక్షిప్తంగా పరిశీలిద్దాం.

మదీనాలో ఒక ఉంగరం

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి సింహాసనం లేదు, కిరీటం లేదు, ద్వారపాలకులు లేరు. కొత్తగా వచ్చిన వ్యక్తి సభలో కూర్చున్నవారిని చూసి, మీలో ముహమ్మద్ ఎవరు అని అడగవలసి వచ్చిన సందర్భాలు హదీసు గ్రంథాల్లో ఉన్నవి. కూర్చునే చోటులో గాని, ధరించే దుస్తుల్లో గాని ఆయనను వేరుగా చూపించే గుర్తు ఏదీ ఉండేది కాదు.

రాజ్య వ్యవహారానికి సంబంధించి ఆయన స్వీకరించిన వస్తువు ఒక్కటే, అది ముద్రాంగుళీయకం. పొరుగు దేశాల ప్రభువులకు ఇస్లాం సందేశాన్ని తెలుపుతూ లేఖలు పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను ఆ రాజులు చదవరని సహచరులు విన్నవించారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించారు. దానిపై ‘ముహమ్మద్ రసూలుల్లాహ్’ అనే మాటలు మూడు పంక్తుల్లో చెక్కబడినవి. అంటే అది అవసరం కొద్దీ వచ్చిన వస్తువు. ఆడంబరం కోసం వచ్చింది కాదు. ఆ ఉంగరం ఆయన అనంతరం హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర), హజ్రత్ ఉస్మాన్ (ర) చేతులకు వరుసగా వచ్చింది. హజ్రత్ ఉస్మాన్ (ర) కాలంలో అది ‘అరీస్’ అనే బావిలో పడిపోయింది. మూడు రోజులు వెదికి, నీరంతా తోడించినా దొరకలేదని బుఖారీ గ్రంథం తెలుపుతున్నది.

మిన్బర్ విషయం కూడా ఇటువంటిదే. మస్జిదె నబవీలో మొదట ఖర్జూరపు మొద్దునానుకొని ప్రవక్త (స) ప్రసంగించేవారు. జనం పెరిగిన తర్వాత అందరికీ కనబడేందుకు, వినబడేందుకు మూడు మెట్ల కొయ్య మిన్బర్ చేయబడింది. ఆ మిన్బర్ వినికిడి కోసం పుట్టిందే గాని ఒకరిని మరొకరికంటె ఎత్తున కూర్చుండబెట్టడం కోసం కాదు. ఈ తేడాను హజ్రత్ ఉమర్ (ర) ఎంత జాగ్రత్తగా గమనించేవారో ఇబ్నె ఖల్దూన్ ఒక ఉదంతం ద్వారా చూపుతాడు. ఈజిప్టు గవర్నరు అమ్ర్ బిన్ ఆస్ (ర) తమ మస్జిదులో మిన్బర్ పెట్టించుకున్నారని తెలిసినప్పుడు ఉమర్ (ర) దానిని విరగగొట్టవలసిందని ఆజ్ఞ పంపారు. ముస్లిముల మెడలకంటె ఎత్తుకు ఎక్కవలసిన పని ఒక అధికారికి ఏమున్నదన్నదే ఆయన అభ్యంతరం.

ఉమయ్యాల కాలం: సింహాసనం, మఖ్సూరా, దీనారు

ఖిలాఫత్ రాచరికంగా మారిన కొలది చిహ్నాలు ఒక్కొక్కటిగా ప్రవేశించాయి. ఈ పరిణామాన్ని శాస్త్రీయంగా విశ్లేషించిన మొదటి రచయిత ఇబ్నె ఖల్దూన్ (1332–1406). తన ‘ముఖద్దిమా’లో ఒక ప్రకరణాన్ని పూర్తిగా ఇందుకే కేటాయించాడు. జెండాలు, నగారాలు, సింహాసనం, సిక్కా, రాజముద్ర, ‘తిరాజ్’ అనబడే పేరల్లిన అంచు వస్త్రాలు, గుడారాలు, మస్జిదులోని మఖ్సూరా, ఖుత్బాలో దువా – వీటన్నిటినీ అతడు రాజ్యాధికార లక్షణాలుగా వర్ణించాడు. రాజ్యం బీదదిగా, సహజ శక్తితో ఉన్నప్పుడు ఈ చిహ్నాలు తక్కువగా ఉంటాయనీ, అది సుఖానికి అలవాటుపడిన కొద్దీ చిహ్నాలు పెరుగుతాయనీ అతని పరిశీలన.

అతని కథనం ప్రకారం ఇస్లాంలో మొదట సింహాసనం వాడినవారు అమీర్ ముఆవియా (ర). అది కూడా, తాను స్థూలకాయుణ్ణి అయ్యానని చెప్పి ప్రజల అనుమతి తీసుకొని కూర్చున్నారట. తొలి తరం మనుషుల ముందు సింహాసనానికి ఏదో ఒక సాకు అవసరమైంది; తర్వాతి వారికి ఆ సాకు కూడా అవసరం లేకపోయింది. మస్జిదులో పాలకుడు నమాజు చేసుకునే చోటును తడికెతో వేరుచేసే మఖ్సూరా కూడా ఆయన కాలపుదేనని ఎక్కువమంది చెబుతారు. ఖారిజీలు ఆయనపై హత్యాప్రయత్నం చేసిన తర్వాత ఆత్మరక్షణ కోసం అది ఏర్పడింది. రక్షణ కోసం వచ్చిన తడికె కాలక్రమేణా గౌరవ చిహ్నమైంది.

నాణేల చరిత్రలో ఖలీఫా అబ్దుల్ మలిక్ (685–705) పేరు ముఖ్యమైనది. అంతవరకు ముస్లిముల బజారుల్లో రోమను దీనార్లు, ఇరాను దిర్హములు చెలామణిలో ఉండేవి. ముస్లిం అధికారులు ముద్రించినవి కూడా వాటి నమూనాలోనే, రాజుల బొమ్మలతోనే ఉండేవి. కొద్దికాలం ఖలీఫా నిలుచున్న బొమ్మతో కూడా నాణేలు వచ్చాయి. హి. 77లో (696–97) అబ్దుల్ మలిక్ బొమ్మలన్నిటినీ తొలగించి, కేవలం అక్షరాలతో కొత్త దీనారును ముద్రింపించాడు. రెండేళ్ళకు దిర్హము కూడా అదే రూపు పొందింది. దీనారు బరువు సుమారు 4.25 గ్రాములు. దానిపై కలిమా, ఖుర్ఆన్ వాక్యాలు, ముద్రించిన సంవత్సరం ఉన్నవి.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ దీనారుపై అబ్దుల్ మలిక్ పేరు లేదు. ఎంతో బలవంతుడైన పాలకుడు, తన సామ్రాజ్యమంతటా నడిచే నాణెంపై తన పేరును వ్రాసుకోలేదు. ఖలీఫా పేరు నాణేలపై స్థిరపడడం అబ్బాసీల కాలంలో, అల్ మహ్దీ (775–785) నుండి జరిగింది. సిక్కాపై రాజు పేరు ఉండడం అనాదిగా వస్తున్న ఇస్లామీయ ఆచారమని అనుకునేవారు ఈ ఎనిమిది దశాబ్దాల మౌనాన్ని గుర్తుంచుకోవాలి.

మిన్బర్‌పై పేరు

ఖుత్బాలో పాలకునికి దువా చేసే ఆచారం బస్రాలో మొదలైందని ఇబ్నె ఖల్దూన్ అంటాడు. అక్కడ గవర్నరుగా ఉన్న ఇబ్నె అబ్బాస్ (ర), సత్యం పక్షాన సహాయం కలగాలని హజ్రత్ అలీ (ర) కోసం ప్రార్థించారు. అంతర్యుద్ధపు దినాల్లో ఒక విశ్వాసి చేసిన దువా అది. దానిని తర్వాతి వారు పద్ధతిగా మార్చుకున్నారు. ధర్మశాస్త్రవేత్తలు మాత్రం పాలకుని పేరు తలచడాన్ని ఖుత్బా చెల్లడానికి షరతుగా ఎన్నడూ పరిగణించలేదు. దానిని ఇష్టపడనివారు కూడా వారిలో ఉన్నారు.

మిన్బర్ రాజ్యం చేతిలోకి పోతే ఏమి జరుగుతుందో ఉమయ్యాల కాలమే చూపించింది. రాజకీయ కక్షల కారణంగా మిన్బర్‌ల మీది నుండి హజ్రత్ అలీ (ర)ని నిందించే దురాచారం కొంతకాలం సాగింది. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (717–720) ఖలీఫా కాగానే దానిని ఆపించి, ఆ చోట ‘సూరె నహ్ల్’లోని 90వ ఆయత్‌ను చదివే ఏర్పాటు చేశారు. న్యాయాన్ని, సత్ప్రవర్తనను, బంధువుల హక్కులు చెల్లించడాన్ని ఆదేశించే ఆ ఆయత్ ఈనాటికీ మన మస్జిదుల్లో ఖుత్బా చివర వినబడుతుంది. ఒక రాజు మిన్బర్‌ను తన వంశానికి కాక ధర్మానికి తిరిగి అప్పగించిన జ్ఞాపకమది. ప్రతి జుమా నాడు దానిని వింటున్నా దాని చరిత్ర మనలో చాలామందికి తెలియదు.

చిహ్నం ఒకరిది, శక్తి మరొకరిది

అబ్బాసీల కాలంలో చిహ్నాల సంఖ్య, వాటి శాస్త్రం బాగా పెరిగాయి. నలుపు వారి అధికార వర్ణం. ఖలీఫా మామూన్ 817లో ఇమామ్ అలీ రజాను తన వారసునిగా ప్రకటించినప్పుడు నలుపును మాన్పించి ఆకుపచ్చను ధరింపజేశాడు. సిక్కాపై ఇమామ్ పేరు కూడా వేయించాడు. బగ్దాదులో అబ్బాసీ కుటుంబం తిరుగుబాటు చేసింది. ఇమామ్ మరణించిన తర్వాత, 819లో మామూన్ బగ్దాదు చేరిన కొద్ది రోజులకే మళ్ళీ నలుపు వచ్చింది. ఒక రంగు మార్పు వెనుక ఒక రాజ్యం భవిష్యత్తు నిలిచి ఉన్నదన్నమాట.

945లో బువైహీ అమీర్లు బగ్దాదును ఆక్రమించిన తర్వాత కొత్త పరిస్థితి ఏర్పడింది. సైన్యం, ఖజానా అమీర్లవి. ఖుత్బా, సిక్కా ఖలీఫావి. క్రమంగా వీటిలో కూడా వాటా అడగడం మొదలైంది. 979లో అజుదుద్దౌలా ఖలీఫా అత్తాయి నుండి రెండు హక్కులు పొందాడు. బగ్దాదు ఖుత్బాలో ఖలీఫా పేరు తర్వాత తన పేరు చదివించుకోవడం ఒకటి. తన ద్వారం ముందు రోజుకు మూడు నమాజుల వేళ నగారా మోగించుకోవడం రెండవది. మనం ‘నౌబత్’ అని పిలిచే సంప్రదాయానికి ఇటువంటి హక్కులే మూలం. గోల్కొండలోని నక్కార్‌ఖానా, హైదరాబాదులోని నౌబత్ పహాడ్ అనే పేరు – ఈ రెండూ ఆ సంప్రదాయపు చివరి ఆనవాళ్ళు.

ఖుత్బాలోని పేరు మార్పే రాజ్యం మార్పు అయిన సందర్భాలు అనేకం. 1059లో బసాసీరీ అనే సేనాని బగ్దాదులోనే కైరో ఫాతిమీ ఖలీఫా పేర ఖుత్బా చదివించాడు. దాదాపు ఒక సంవత్సరం తర్వాత సల్జూఖీ సుల్తాన్ తుగ్రిల్ బేగ్ తిరిగివచ్చి అబ్బాసీ పేరును నిలబెట్టాడు. 1171 సెప్టెంబరులో సలాహుద్దీన్ అయ్యూబీ ఇందుకు విరుద్ధమైన మార్పు కైరోలో చేశాడు. రెండు శతాబ్దాలుగా ఫాతిమీల పేర సాగిన ఖుత్బా ఒక జుమా నాడు అబ్బాసీ ఖలీఫా పేర చదువబడింది. ఎక్కడా అల్లరి జరగలేదు. మంచం పట్టి ఉన్న చివరి ఫాతిమీ ఖలీఫాకు ఈ సంగతి చెప్పవద్దని సలాహుద్దీన్ తన వారిని ఆదేశించాడు. కొద్ది రోజులకే ఆయన మరణించాడు. కత్తి దూయకుండా ఒక సామ్రాజ్యం ముగిసింది.

ఢిల్లీ: మరణించిన ఖలీఫా పేర నాణేలు

మన దేశంలో ఈ చిహ్నాల చరిత్రకు ఇల్తుత్‌మిష్ ప్రధాన పురుషుడు. 1229లో బగ్దాదు ఖలీఫా పంపిన ఖిల్అత్, మన్షూర్ అతనికి అందాయి. ఢిల్లీ సిక్కాపై ఖలీఫా పేరు స్థిరపడింది. 1258లో మంగోలులు బగ్దాదును నాశనం చేసి ఖలీఫా ముస్తఅసిమ్‌ను చంపివేశారు. అయినా ఢిల్లీ నాణేలపై ఆయన పేరు చెరిగిపోలేదు. నాసిరుద్దీన్ మహ్మూద్, బల్బన్, కైఖుబాద్, జలాలుద్దీన్ ఖిల్జీ కాలాలన్నింటా, అంటే 1296 వరకు, ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు మృతుడైన ఖలీఫా పేర నాణేలు కొట్టబడుతూ వచ్చాయి. ఆ పేరు తీసివేస్తే దాని స్థానంలో ఏమి వ్రాయాలో ఎవరికీ తోచలేదు. అల్లాఉద్దీన్ ఖిల్జీ పేరు చెప్పకుండా ‘ఖిలాఫత్ కుడిభుజం’ అన్న అర్థమిచ్చే బిరుదుతో సరిపెట్టుకున్నాడు. అతని కుమారుడు ముబారక్ షా (1316–1320) మాత్రం తానే ఖలీఫానని నాణెంపై వ్రాయించుకున్నాడు.

ముహమ్మద్ బిన్ తుగ్లక్ జీవితంలో ఈ రెండు చిహ్నాలూ పరీక్షకు నిలిచాయి. 1330–32 మధ్య అతడు వెండి టంకాకు బదులుగా రాగి, ఇత్తడి బిళ్ళలను అదే విలువకు చెలామణి చేయించాడు. వాటిపై సుల్తానుకు విధేయత చూపడం దైవ విధేయతేనన్న భావం గల మాటలు కూడా చెక్కించాడు. కాని ప్రజలు ఇళ్ళలోనే దొంగనాణేలు చేసుకోవడం మొదలుపెట్టారు. చివరకు ఖజానా వెండి ఇచ్చి రాగిని తిరిగి తీసుకోవలసివచ్చింది. పేరు ఎంత గొప్పదైనా, దాని వెనుక నమ్మకం లేనిచో అది లోహపు ముక్కకు విలువ తేజాలదని ఆ రెండు సంవత్సరాలు నిరూపించాయి.

తిరుగుబాట్లు పెరిగిన తర్వాత అతడు ఖలీఫా వైపు తిరిగాడు. కైరోలో మమ్లూకుల నీడన ఉన్న అబ్బాసీ ఖలీఫాను తెలుసుకొని, సిక్కా నుండి తన పేరు తొలగించి ఖలీఫా అల్ ముస్తక్ఫీ పేరు వేయించాడు. అనుమతి పత్రం వచ్చేవరకు జుమా, ఈద్ నమాజులను నిలిపివేయించాడని బర్నీ వ్రాశాడు. విధివిలాసమేమంటే, ఢిల్లీలో ఆ నాణేలు తయారయ్యేనాటికే ముస్తక్ఫీ మరణించి ఉన్నాడు. మరణించినవారి పేర ఢిల్లీలో సిక్కా నడవడం ఇది రెండవసారి.

దక్కను: తెలంగాణ నుండి వెళ్ళిన సింహాసనం

1347లో దౌలతాబాదులో బహమనీ రాజ్యం ఏర్పడింది. దాని రెండవ సుల్తాను మొదటి ముహమ్మద్ షా (1358–1375) తన పేర బంగారు, వెండి నాణేలు కొట్టించగా, దక్కను సాహుకారులు వాటిని కరిగించి, తమకు అలవాటైన హొన్ను, ప్రతాప నాణేలనే వాడారనీ, హెచ్చరికలు పనిచేయక సుల్తాను వారికి మరణశిక్ష విధించాడనీ ఫిరిష్తా వ్రాశాడు. ఫిరిష్తా ఈ సంఘటనలకు రెండున్నర శతాబ్దాల తర్వాతివాడు. వివరాల్లో అతిశయోక్తి ఉండవచ్చు. కాని అసలు విషయం స్పష్టం. సిక్కా రాజు ప్రతిష్ఠ. సంతకు కావలసింది పరిచయమున్న నాణెం. ఈ రెండింటి మధ్య ఘర్షణలో ప్రాణాలు పోయినవి వ్యాపారులవి. అధికార చిహ్నం కోసం రక్తం చిందించడం న్యాయమా అన్న ప్రశ్నను ఆ చరిత్రకారుడు వేయలేదు గాని మనం వేయక తప్పదు.

బహమనీల ప్రసిద్ధ సింహాసనం ‘తఖ్తె ఫిరోజా’కు తెలుగునాటితో సంబంధమున్నది. నల్లచేవ కొయ్యతో చేసి బంగారు రేకులు తాపిన ఆ సింహాసనాన్ని తెలంగాణ రాజు మొదట ముహమ్మద్ బిన్ తుగ్లక్ కోసం చేయించాడనీ, తర్వాత సంధి సందర్భంగా ముహమ్మద్ షాకు బహూకరించాడనీ ఫిరిష్తా తెలుపుతున్నాడు. నీలి రంగు పూత వల్ల దానికి ఆ పేరు వచ్చింది. తర్వాతి సుల్తానులు ఒక్కొక్కరు రత్నాలు చేర్చగా ఆ పూత కనబడకుండా పోయింది. చివరకు బహమనీ రాజ్యం క్షీణించిన మహ్మూద్ షా (1482–1518) కాలంలో ఆ రత్నాలను పాత్రల్లో పొదగడానికి సింహాసనం విప్పివేయబడింది. రాజ్యం విచ్ఛిన్నమవుతున్న రోజుల్లోనే సింహాసనం కూడా ముక్కలైంది.

అదే మహ్మూద్ షా కింద తెలంగాణకు అధికారిగా ఉన్నవాడు సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్క్. అతడు 1518లో స్వతంత్రుడై రాజ బిరుదు ధరించాడని పాఠ్యపుస్తకాల్లో కనబడుతుంది. కాని గోల్కొండ జామె మస్జిదులో అదే సంవత్సరం అతడు వేయించిన శాసనం మహ్మూద్ షా బహమనీనే పాలకునిగా పేర్కొంటున్నది. 1543లో ఆ మస్జిదులోనే అతడు హత్యకు గురయ్యాడు. అతని సమాధిపై ‘బడే మలిక్’ అన్న వాడుక పేరే ఉన్నది. ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఇటువంటి ఆధారాలనే చూపి, సుల్తాన్ కులీ రాజ చిహ్నాలను స్వీకరించలేదని వాదించారు. వాస్తవాధికారం పూర్తిగా చేతిలో ఉండి కూడా పేరు కోసం తొందరపడనివారు చరిత్రలో తక్కువ.

అతని కుమారుడు ఇబ్రహీం (1550–1580) కాలానికి గోల్కొండ పూర్తి రాజ్యమైంది. ఇక్కడ ఖుత్బా, సిక్కాలతో పాటు దేశీయమైన మరొక గౌరవ చిహ్నం కూడా తోడైంది, అది కావ్యాంకితం. అద్దంకి గంగాధరుడు ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఈయనకే అంకితమిచ్చాడు. ‘మలిక్ ఇబ్రహీం’ తెలుగు కవుల నోట ‘మల్కిభరాముడు’ అయ్యాడు. మిన్బర్‌పై పేరు ముస్లిములకు రాజును తెలిపితే, కావ్యంలోని పేరు తెలుగు ప్రజలకు అతనిని తమవానిగా తెలిపింది.

ఖుత్బా రాజ్యాల మధ్య ఒప్పందంలో షరతు కావడం 1636లో గోల్కొండ చవిచూసింది. షాజహాన్ సైన్యాల ఒత్తిడికి లొంగి అబ్దుల్లా కుతుబ్ షా ‘ఇన్ఖియాద్ నామా’ వ్రాసి ఇచ్చాడు. దాని ప్రకారం ఖుత్బా నుండి పన్నెండుగురు ఇమాముల పేర్లు, ఇరాన్ షా పేరు తొలగించి, నలుగురు ఖులఫాయె రాషిదీన్ పేర్లు, మొగల్ చక్రవర్తి పేరు చదవాలి; బంగారు, వెండి నాణేలపై షాజహాన్ ముద్ర ఉండాలి; ఏటా రెండు లక్షల హొన్నులు చెల్లించాలి. ఇక్కడ ధర్మ విషయమూ రాజకీయమూ ఒకే పత్రంలో ఎలా పెనవేసుకున్నాయో చూడండి. పవిత్రమైన ఆ పేర్లు కప్పం లెక్కతో పాటు ఒక సంధి షరతుల జాబితాలో చేరాయి. ఏ మజ్హబ్ వారికైనా ఇది ఆలోచించదగిన విషయమే. హి. 1068 (1657–58) నాటి గోల్కొండ రాగి నాణేలపై ‘శుభంగా, సౌభాగ్యంతో ముగిసినది’ అన్న అర్థం గల మాటలు కనబడుతాయి. 1656లో ఔరంగజేబు ముట్టడిని చూసిన రాజ్యపు నాణేలవి. 1687లో ఆ రాజ్యం నిజంగానే ముగిసింది.

ఔరంగజేబు గురించి ఒక విషయం ఇక్కడ చెప్పాలి. తన పాలన తొలి రోజుల్లోనే అతడు నాణేలపై కలిమా ముద్రించడాన్ని నిషేధించాడు. చేతులు మారే నాణెంపై ఆ పవిత్ర వాక్యానికి అగౌరవం కలుగుతుందన్నది కారణం. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం కలిమా నాణెంపైకి వచ్చినప్పుడు రాజు పేరు లేదు. ఇప్పుడు కలిమా తొలగి రాజు పేరు మాత్రం మిగిలింది.

ఆసఫ్ జాహీలు: ఒక అక్షరం నుండి పూర్తి పేరు వరకు

1724లో షకర్‌ఖేడా యుద్ధం తర్వాత నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా దక్కనుకు వాస్తవ ప్రభువు అయ్యాడు. అయినా ఖుత్బా, సిక్కా మొగల్ చక్రవర్తి పేరనే సాగించాడు. తనను సుబేదారుగానే చెప్పుకున్నాడు. అతని వంశీయులు 1857 వరకు ఈ మర్యాదను పాటించారు. 1819లో ఆంగ్లేయుల ప్రోత్సాహంతో అవధ్ నవాబు గాజీఉద్దీన్ హైదర్ కిరీటం ధరించి రాజు అయ్యాడు. హైదరాబాదు ఆ దారి పట్టలేదు. దీనికి భిన్నంగా మైసూరులో టిప్పు సుల్తాన్ మొగల్ పేరును పూర్తిగా విడిచి, ఖుత్బాను తన పేర చదివించుకొని, ఉస్మానీ ఖలీఫా వద్దకు రాయబారులను పంపాడు.

హైదరాబాదు నాణేలను వరుసగా పెట్టి చూస్తే మార్పు ఎంత నెమ్మదిగా వచ్చిందో తెలుస్తుంది. చక్రవర్తి పేరు గల నాణెం మీదనే సికందర్ జా కాలంలో ‘సీన్’, నాసిరుద్దౌలా కాలంలో ‘నూన్’ అనే ఒక్కొక్క అక్షరం ఒక మూలలో కనబడుతుంది. 1857 తిరుగుబాటు అణచబడి బహదూర్ షా పదవి పోయిన తర్వాత, 1858లో అఫ్జలుద్దౌలా కాలంలో చక్రవర్తి పేరు పోయి ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా’ పేరు వచ్చింది. దానితో 92 అనే అంకె చేరింది. అబ్జద్ లెక్కలో అది ‘ముహమ్మద్’ అనే శుభనామపు విలువ. 1903లో సైఫాబాదులో యంత్ర టంకసాల ఏర్పడిన కాలంలో నాణెంపై చార్‌మినార్ వెలసింది. దాని కమాను మధ్య మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ‘ఐన్’ అక్షరం ఉంచబడినవి.

వ్యాపారం కోసం వచ్చిన ఈస్టిండియా కంపెనీ కూడా ఈ చిహ్నాల విలువను బాగా గ్రహించింది. మచిలీపట్నంలోనూ మద్రాసులోనూ అది మొగల్ చక్రవర్తుల పేరనే రూపాయలు కొట్టించింది. 1759లో హతుడైన రెండవ ఆలంగీర్ పేర ఆర్కాటు రూపాయలు ఆ తర్వాత దశాబ్దాల పాటు వెలువడ్డాయి. 1835లో గాని కంపెనీ నాణేలపై ఇంగ్లండు రాజు బొమ్మ రాలేదు. దేశం చేతులు మారిన చాలాకాలం తర్వాత గాని సామాన్యుని చేతిలోని నాణెం ఆ సంగతి చెప్పలేదు.

ఆసఫియా జెండాలోని గుండ్రని గుర్తు కుల్చా రొట్టె అనీ, ఒక సూఫీ మహనీయుడు పెట్టిన ఏడు కుల్చాలు మొదటి నిజాం తిన్నందున ఏడు తరాలు పాలన సాగిందనీ ఒక గాథ ఉన్నది. కాని నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను కూడా లెక్కిస్తే పాలకులు పదిమంది. గాథకు సరిపోయేట్లు జాబితా కుదించబడిందే గాని జాబితాకు గాథ సరిపోలేదు. చిహ్నాలను గూర్చి ప్రచారంలో ఉన్న కథలను పరిశీలన లేకుండా చరిత్రగా గ్రహించరాదనడానికి ఇది ఉదాహరణ.

ముగింపు

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది. 1950 నుండి దేశపు నాణేలపై ఏ రాజు పేరూ లేదు; అశోక స్తంభపు సింహాలు ఉన్నాయి. 1924 మార్చి 3న ఉస్మానీ ఖిలాఫత్ రద్దయిన తర్వాత, అంతకుముందు మన దేశంలోని అనేక మస్జిదుల్లో వినబడిన ఉస్మానీ సుల్తాను పేరు కూడా నిలిచిపోయింది. ఖుత్బాలో మిగిలినవి హమ్ద్, దరూద్, సహాబాల కోసం, ముస్లిములందరి కోసం దువా, ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ నిలిపిన ఆయత్. రాజుల పేర్లు వచ్చినవి, పోయినవి. వాటితో ఖుత్బాకు హెచ్చు గాని తగ్గు గాని కలగలేదు.

ఈ చరిత్ర వల్ల మనం గ్రహించవలసినవి రెండు. చిహ్నం అధికారాన్ని ప్రకటించగలదు గాని దానిని కల్పించలేదు. మరణించిన ఖలీఫా పేర సిక్కా నడిచింది. రాగి బిళ్ళపై సుల్తాను బిరుదులు వ్యర్థమయ్యాయి. రెండవది, పవిత్రమైన దానిని అధికార ప్రకటనకు వాడుకున్నప్పుడల్లా నష్టపడింది పవిత్రతే. అందుకే హజ్రత్ ఉమర్ (ర) మూడు నాలుగు మెట్ల కొయ్య విషయంలో కూడా అంత కఠినంగా ప్రవర్తించారు.

చివరగా పాఠకులకు ఒక మనవి. ఈ వ్యాసంలోని అనేక విషయాలకు ఆధారాలు రాజులు వ్రాయించిన గ్రంథాలు కావు. ఒక మస్జిదు గోడమీది శాసనం, సమాధి రాతిమీది ఒక మాట, అరిగిపోయిన ఒక రాగి నాణెం. మన జిల్లాల్లోని పాత మస్జిదులకు మరమ్మత్తులు జరిగినప్పుడు శాసనాలపై సున్నం, రంగు పూయడం, రాళ్ళను తీసి పారవేయడం సాధారణమైపోయింది. పొలం దున్నుతుంటే దొరికిన పాత పైసలు రాగి ధరకు కరిగిపోతున్నాయి. గోల్కొండ మస్జిదు శాసనం అలా మాసిపోయి ఉంటే సుల్తాన్ కులీ గురించి మన అభిప్రాయం ఈనాటికీ పొరపాటుగానే ఉండేది. మీ ఊరి మస్జిదు గోడపై అక్షరాలు ఉన్నట్లయితే రంగు వేయించక ముందే వాటిని ఫోటో తీయించండి, చదవగలవారికి చూపించండి. ఆ రాతిపై ఉన్న పేరు ఏ రాజుదైనా కావచ్చు. దానిని చెక్కినవారు, దాని నీడన నమాజు చేసినవారు మాత్రం మన పూర్వీకులు.